తల లేని ఎల్క్‌కు ఆర్డిస్ కట్టిన చీటీ

హాడెన్ ఊళ్ళో తుపాకీ పట్టినవాళ్ళలో ఆర్డిస్ టోలెఫ్‌సన్ చేత చీవాట్లు తినని మనిషి ఒక్కడుంటే ఒట్టు. బడి వంటగదిలో వంట ఆమె ఉద్యోగం. ఆగస్టు రాగానే ఫైర్ స్టేషన్ వెనక గదిలో మడత కుర్చీలు వేసి వేట పాఠాలు చెప్పడం ఆమె ఇష్టంగా నెత్తికెత్తుకున్న పని. దానికి జీతం లేదు. కానీ సర్టిఫికెట్ మీద ఆమె సంతకం పడకపోతే మా వైపు పిల్లలకు వేట లైసెన్స్ రాదు కాబట్టి, అంత గయ్యాళి టీచరు ఇంకెక్కడా ఉండదని తిట్టుకుంటూనే అందరూ వచ్చి కూర్చునేవారు.

మొదటి రోజు ఆమె తుపాకీని గదిలోకే రానిచ్చేది కాదు. ఆ రోజంతా పిల్లలు తలుపు కొట్టాలి, అంతే. ఒక్కొక్కరూ బయటికి వెళ్ళి, టోపీ తీసి, తలుపు కొట్టి, లోపల రైతులాగా ముఖం మాడ్చుకుని కూర్చున్న ఆర్డిస్‌ను అడగాలి, "మీ పొలంలో వేటాడుకోవచ్చా అండీ?" అని. ఆమె కుదరదంటుంది. అప్పుడు గొణక్కుండా, బతిమాలకుండా, థాంక్స్ చెప్పి వెనక్కి తిరిగినవాళ్ళే ఆ పూటకు పాసైనట్టు. ముఖం ముడుచుకున్నవాళ్ళు మళ్ళీ వెళ్ళి తలుపు కొట్టాల్సిందే. ఇదే మొదటి పాఠం. కొట్టినదాన్ని తినాలి, తినే ఉద్దేశం లేనిదాన్ని కొట్టకూడదు అన్నది రెండోది. గురి చూడడం లాంటివన్నీ ఆ తర్వాతే.

ఈ రెండూ ఆమె పుస్తకంలో చదివి చెప్పిన మాటలు కావు. వాళ్ళ నాన్న కౌలు భూమి మీద ఇంటెడు పిల్లల్ని సాకినవాడు. శీతాకాలంలో వాళ్ళ కంచాల్లోకి వచ్చే మాంసమంతా అడవి మాంసమే. లైల్‌ను పెళ్ళాడాక కూడా అంతే అయింది. లైల్ ధాన్యం గిడ్డంగిలో నిచ్చెన మీంచి జారిపడి నడుము విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి వేట ఆమె వంతు, మాంసం కోత అతని వంతు. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. నవంబరులో ఒక్కటి దొరికితే ఆ ఇంటికి ఏడాది పొడుగునా మాంసం లోటుండదు. వంటింటి బల్ల మీద లైల్ కుర్చీలో కూర్చుని ముక్కలు కోస్తుంటే, ఆర్డిస్ తెల్ల కాగితంలో చుట్టి, ఏ భాగమో పెన్సిలుతో రాసి ఫ్రీజర్లో పేర్చేది. దొరకని ఏడాది ఇద్దరూ చిక్కుళ్ళు ఉడకేసుకు తిన్నారు. ఎవరికీ చెప్పుకోలేదు.

ఆమె వేటాడేది ఓరిన్ స్ట్రాడ్లీ పశువుల రాంచ్‌లో. మా వైపు కంచె గుంజకు నారింజ రంగు పూశారంటే, అడక్కుండా లోపల అడుగు పెట్టకు అని అర్థం. గేటుకు తాళం కూడా వేశారంటే అడగను కూడా అడక్కు అని. బయటి ఊళ్ళనుంచి డబ్బున్నవాళ్ళొచ్చి గడ్డి భూములు కొనడం మొదలయ్యాక, రోడ్డుకు రెండువైపులా గుంజలు ఒక్కొక్కటే నారింజ రంగుకు మారాయి. ఓరిన్ గుంజలు మాత్రం ఎండకు వెలిసిన కర్ర రంగులోనే ఉండేవి. గేటుకు ఒక ఇనప గొలుసు, దానికో కొక్కెం, అంతే. ఊళ్ళో సగం మంది ఫ్రీజర్లు ఆ గేటులోంచే నిండేవి. అయినా ఆర్డిస్ ఏటా అక్టోబరులో టోపీ తీసి అతని తలుపు కొట్టేది. ఓరిన్ తలుపు తీసి, ఎవరమ్మా నువ్వు, ఈ ఊరికి కొత్తా అని ప్రతి ఏడూ అదే వెటకారం ఆడేవాడు. సీజను అయ్యాక ఆమె మాంసం కూరిన సాసేజ్ చుట్టలు పట్టుకెళ్ళి ఇచ్చేది. నేను చెప్పబోయే ఏడాది దాకా ఆ లెక్క తప్పలేదు.

ఇక ట్రేస్ కిన్‌కానన్ గురించి చెప్పాలి. చెప్పాలంటేనే ఒళ్ళు మండుతుంది గానీ తప్పదు.

ట్రేస్ కూడా ఆర్డిస్ దగ్గర పాఠం విన్నవాడే. చిన్నప్పుడు చిల్లు పడిన బూట్లతో వచ్చి వెనక కుర్చీలో కూర్చునేవాడు. లైల్ పాత బూట్ల ముందు భాగంలో కాగితాలు కుక్కి అతనికి తొడిగింది ఆర్డిస్. పెద్దయ్యాక టీవీలో వేట కార్యక్రమం పెట్టుకుని దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. అతని బొమ్మ తూటాల పెట్టెల మీద, టోపీల మీద, ఎండు మాంసం పొట్లాల మీద వచ్చింది. ఊరి మొదట్లో 'ట్రేస్ కిన్‌కానన్ సొంత ఊరు' అని బ్యానరు కట్టారు. అతను విరాళమిస్తే వేట క్లబ్బువాళ్ళు గురి చూసుకునే మైదానానికి కొత్త షెడ్డు వేసుకున్నారు. ప్రతి కార్యక్రమంలోనూ ఎక్కడో ఒకచోట కెమెరా వైపు తిరిగి, "మా ఊళ్ళో మిసెస్ టి చెప్పేవారు," అని ఆర్డిస్ మాట ఒకటి వల్లించేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా లైల్ మోచేత్తో ఆమెను పొడిచేవాడు. ఆమె విసుక్కునేది గానీ, ఫైర్ స్టేషన్ గదిలో ట్రేస్ ఫోటో గోడకు కొట్టింది ఆమే.

ఆ ఏడాది నవంబరులో ఓరిన్ తుంటి ఆపరేషనుకని బిల్లింగ్స్ పట్నం ఆసుపత్రికి వెళ్ళాడు. ఊరంతటికీ తెలుసు. చర్చిలో అతని పేరున ప్రార్థన కూడా చేశారు. ట్రేస్ ఆ వారం ఊళ్ళోనే ఉన్నాడు. ఆ ప్రార్థనలో తల వంచుకుని ముందు వరసలో నిలబడ్డాడు. తర్వాత కేఫ్‌లో అందరికీ కాఫీ డబ్బులు తనే ఇచ్చాడు.

ఓరిన్ ఆసుపత్రికి వెళ్ళకముందే ఆర్డిస్ తలుపు కొట్టి అడగడం అయిపోయింది. ఒక ఉదయం తెల్లవారాక గొలుసు తీసి లోపలికి వెళ్ళి, వాగు పల్లంలోకి దిగింది. ఓరిన్ తాతగారు వదిలేసిన పాత నూర్పిడి మిషను అక్కడ తుప్పుపట్టి పడుంటుంది. దాని ఇనప ఎముకల్లోంచి యాష్ చెట్టొకటి మొలిచి మానయింది. ఆ మిషను పక్కన మంచులో ఒక మగ ఎల్క్ పడి ఉంది. దానికి తల లేదు.

మెడ దగ్గర నరికేసి తలా కొమ్ములూ పట్టుకుపోయారు. మిగతాదంతా అక్కడే ఉంది. తొడలు, వీపు కండలు, పక్కటెముకలు, ఒక ఇల్లు ఏడాది తినే మాంసం, పొట్ట కూడా కోయకుండా మూటలా వదిలేశారు. తెగిన మెడలోంచి ఇంకా ఆవిరి లేస్తోంది. ఆర్డిస్ చేతి తొడుగు తీసి దాని పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. తన ఇంట్లో దొంగలు పడి అన్నం కుండ తన్నేసి పోయినంత కోపం వచ్చింది ఆమెకు. ఒంటరిగా ఆ పల్లంలో నిలబడి, చర్చికి వెళ్ళే మనిషి అనకూడని మాటలన్నీ గట్టిగా అంది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆమెకు బాగా తెలుసు. ముట్టుకోకూడదు. వేట చట్టాలు చూసే వార్డెన్‌కు కబురు చెయ్యాలి. వాటా ఇస్తామన్నా, ఎవరు ఎలా కొట్టారో తెలియని వేటకు చెయ్యి వెయ్యొద్దని ఆమే ఏటా పిల్లలకు చెప్పేది. కానీ ఆ పల్లంలో ఫోను పనిచెయ్యదు. వార్డెన్ జిల్లా అవతలి కొసన ఉంటాడు. మబ్బు పడమట దిగుతోంది. ఎల్క్ తోలు దళసరి దుప్పటి లాంటిది. పొట్ట కోసి లోపలి వేడి బయటికి పంపకపోతే, ఎంత మంచులో ఉన్నా మాంసం పూటలో చెడిపోతుంది. వార్డెన్ వచ్చి, ఫోటోలు తీసుకుని, తల ఊపి వెళ్ళేసరికి కాకులకూ నక్కలకూ కూడా పనికిరాకుండా పోతుంది.

ఆమె కత్తి తీసింది. పొట్ట కోసింది. తర్వాత, ఆ ఏడాదికి ఆమె పేరు మీద వచ్చిన, ఒక్క జంతువుకే చెల్లే ఒకే ఒక్క ఎల్క్ చీటీని జేబులోంచి తీసి, తేదీ దగ్గర గాటు పెట్టి, ఎవడో కొట్టిన ఆ జంతువు వెనక కాలికి కట్టింది.

వేట ఎరగనివాళ్ళకు ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. కాదు. కొట్టినవాళ్ళే కట్టాలి ఆ చీటీ. ఇంకొకరు కొట్టినదానికి కట్టడం నేరం. ఆ సంగతి నల్లబల్ల మీద రాసి చెప్పే టీచరే కట్టింది. మంచి మాంసం కళ్ళ ముందు కుళ్ళిపోతుంటే చూస్తూ నిలబడడం ఆమె చేతకాలేదు, అంతే. తను ఆ ఏటికి ఇంక వేటాడననీ, లెక్కకు లెక్క సరిపోయిందనీ ఆమె మనసుకు సర్దిచెప్పుకుంది. మంచు మీద జారే స్లెడ్ బండి మీద ముక్కలు ముక్కలుగా లాక్కొచ్చేసరికి మంచు మొదలైంది.

తల లేని మాంసం చూసి లైల్ ఏం జరిగిందో చెప్పించుకున్నాడు. తర్వాత వార్డెన్‌కు ఫోను చెయ్యమన్నాడు. రేపు చేస్తానంది. మర్నాడు కాగితాలు చుడుతూ కూర్చుంది. ఆ తర్వాత ఫోను చెయ్యాలంటే, మరి నీ చీటీ దానికెందుకుందమ్మా అన్న ప్రశ్న అడ్డొచ్చింది. అలా ఆ ఫోను ఉండిపోయింది. ఆ శీతాకాలమంతా ఆమె ఆ మాంసం వండుతూనే ఉంది గానీ, ఓరిన్‌కు సాసేజ్ పట్టుకెళ్ళడానికి మాత్రం కాళ్ళు రాలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ట్రేస్ కార్యక్రమం చూడ్డానికి ఊరు ఊరంతా బార్‌లో చేరింది. అతని జీవితంలోకెల్లా పెద్ద ఎల్క్‌ను సొంత జిల్లాలో కొట్టాడట. నది అవతల ప్రభుత్వ భూమిలో, ఎవరైనా వెళ్ళగలిగే చోట, మామూలు మనిషిలా కాలినడకన వెళ్ళి కొట్టానని చెప్పాడు ట్రేస్. తెర మీద అతను ఆ జంతువు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కొమ్ములు రెండు చేతులా పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. అతని భుజం వెనక, ఇనప ఎముకల్లోంచి పైకి లేచిన యాష్ చెట్టు మొదలు కనిపించింది.

"మిసెస్ టి ఒకమాట చెప్పేవారు," అన్నాడు ట్రేస్ తెర మీంచి. "కొట్టినదాన్ని తినాలి. ఇవాళ రాత్రి మా ఇంట్లో విందు."

బార్‌లో ముందు చప్పట్లు మోగాయి. తర్వాత కొన్ని చేతులు ఆగాయి. ఆ మిషను అక్కడున్నవాళ్ళలో చాలామందికి తెలుసు. ఓరిన్ గేటులోంచి వెళ్ళి ఆ పల్లంలో కాపు కాసినవాళ్ళే అందరూ. వేట క్లబ్బు పెద్ద గార్త్ లుండీన్ బీరు గ్లాసులోకి తల దూర్చాడు. మిగతావాళ్ళు మళ్ళీ బీరు తెప్పించుకున్నారు. ఓరిన్ దగ్గర అనుమతి తీసుకున్నాడేమో అని ఎవరికి వాళ్ళు అనుకోవచ్చు మరి. ఆర్డిస్‌కు అలా అనుకునే వీలు లేదు. ఆ విందులో తినాల్సిన మాంసం తన ఫ్రీజర్లో ఉంది.

ఆమె కోటు తగిలించుకుని బయటికి నడిచింది. లైల్‌ను బండెక్కించి ఇంటికి తీసుకొచ్చింది. ఇంటికొచ్చాక అతను అన్నాడు, చెప్పడమంటూ మొదలుపెడితే నీ చీటీ దగ్గరికే వస్తుంది అని. లైసెన్స్ పోతుంది. పాఠాలు పోతాయి. ఆ గది లేకపోతే ఆగస్టులో నువ్వేం చేస్తావో నాకు తెలీదు అన్నాడు. ఆ గది లేకపోతే ఆమె నిలవలేదని అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ గదిలో ఆమె చేత సంతకం పెట్టించుకున్న పిల్లల పిల్లలు ఇప్పుడు వచ్చి కూర్చుంటున్నారు.

మర్నాడు గార్త్ వచ్చాడు. ఆర్డిస్ బార్‌లోంచి అలా లేచి వెళ్ళడం అతను చూశాడు. కాఫీ తాగుతూ చాలా మాటలు చెప్పాడు. నగరాలవాళ్ళు వేటను ఎప్పుడు మూయిద్దామా అని కాచుకుని ఉన్నారట. ఇలాంటిదొకటి దొరికితే పేపర్ల నిండా అదే ఉంటుందట. ట్రేస్‌తో నేను మాట్లాడతాను, మందలిస్తాను, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండనీ అన్నాడు.

"మన వేటగాళ్ళ పరువు గురించి చెబుతున్నా ఆర్డిస్. ట్రేస్ కోసం కాదు."

"పరువా? అది ఆ మిషను పక్కన మెడ తెగి పడుంటే నేను చూశాను గార్త్. ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టాను. నీకూ ఒక పొట్లం ఇమ్మంటావా?"

గార్త్ కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఆమె ఆ కప్పు కడిగి బోర్లించి, ఓరిన్ రాంచ్‌కు బయల్దేరింది. వార్డెన్ కంటే ముందు అతనికే చెప్పాలనుకుంది. భూమి అతనిది. టోపీ తీసి తలుపు కొట్టింది. ఓరిన్ చేతికర్ర ఊతంతో వచ్చి తలుపు తీశాడు. ఆమె ముఖం చూసి, ఊరికి కొత్తా అన్న మాట మింగేశాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ట్రేస్ చేసిందీ చెప్పింది, తను చేసిందీ చెప్పింది. 

ఓరిన్ ఆమె బూట్ల వైపు చూస్తూ అడిగాడు, "నేను ఆసుపత్రిలో ఉన్నానని చూసుకుని వచ్చాడా?"

"అవును."

"అడిగితే ఇచ్చేవాణ్ణే గదా," అన్నాడు ఓరిన్. "వాడికి ఎన్నడైనా కాదన్నానా?"

ఆర్డిస్ టోపీ పెట్టుకుని కారెక్కింది. అక్కడినుంచి నేరుగా వార్డెన్ దగ్గరికి వెళ్ళింది.

వార్డెన్ పేరు ఫోర్టియర్. మెత్తని మనిషి. ఆమె చెప్పిందంతా రాసుకుని, ఆగి, మేడమ్, ఈ చీటీ సంగతి మీరు చెప్పకపోయినా ఆ కార్యక్రమం ఒక్కటి చాలేమో ప్రయత్నిస్తానన్నాడు. కళేబరం దొరక్కుండా ట్రేస్ మాంసం వదిలేశాడని ఎలా చెబుతావయ్యా అని ఆమె అడిగింది. అతను పుస్తకం మూసి తల ఊపాడు. రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చి ఫ్రీజర్ ఖాళీ చేశాడు. ఆమె చేతిరాతతో ఉన్న తెల్ల పొట్లాలన్నీ అట్టపెట్టెల్లోకి వెళ్ళాయి. లైల్ కుర్చీలోంచి లేవలేక, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

తర్వాత సంగతి త్వరగానే తేలింది. కెమెరామన్ భయపడి నిజం చెప్పేశాడు. ఆ జిల్లాలో మగ ఎల్క్ కొట్టడానికి ట్రేస్‌కు అసలు చీటీయే లేదు. వేరే జిల్లాకు వచ్చిన చీటీని ఆ కొమ్ములకు కట్టుకుపోయాడు. సీజను ముగిసేలోగా పెద్ద కొమ్ములు చూపించకపోతే తూటాల కంపెనీవాళ్ళు ఊరుకోరట. మాంసం మోసుకెళ్ళడానికి టైము లేదట. గోడకు తగిలించడానికి తల కావాలి, వంటింట్లోకి ఏదీ అక్కర్లేదు. అలాంటివాడు ఆమె మాటను తెర మీద వల్లించాడు చూశారా, ఆర్డిస్ ఇప్పటికీ క్షమించనిది దాన్నే.

ఇద్దరి కేసూ ఒకే రోజు ఒకే కోర్టు గదిలో తేలింది. ట్రేస్ లాయరు చేత క్షమాపణ చదివించి, జరిమానా కట్టి, కొన్నేళ్ళపాటు ఈ దేశంలో వేటాడకూడదన్న తీర్పు విని, ఆ కాలంలో ఆఫ్రికాలో కార్యక్రమం తీసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆర్డిస్‌కు లాయరు లేడు. నేనే కట్టాను ఆ చీటీ అని లేచి చెప్పింది. రెండు సీజన్లు లైసెన్స్ లేదన్నారు. అసలు దెబ్బ ఆ తర్వాతి మాట. ఇకమీదట వేట పాఠాలు చెప్పే అర్హత ఎన్నటికీ ఉండదన్నారు. చట్టం ప్రకారం అది సరైనదే. ఆమె కూడా కాదనలేదు. కానీ మర్నాటి పేపర్లో 'దొంగ వేట: టీవీ వేటగాడు, వేట టీచరు దోషులు' అని ఇద్దరినీ ఒక్క వరసలో నిలబెట్టారే, దానికి నాకే రక్తం మరిగింది. ఆ మాంసం సాక్ష్యమని కేసు అయ్యేదాకా దాచి, తర్వాత తినడానికి పనికిరాదని పారేశారు. అన్నీ పోగొట్టుకుని ఆమె కాపాడింది చివరికి చెత్తకుప్పకే చేరింది.

దాని ఫలితం రోడ్డు పొడుగునా కనిపించింది. వసంతంలో ఇంకా మిగిలిన రైతులు రంగు డబ్బాలు కొన్నారు. వేటగాళ్ళంటే ఇంతే అనుకున్నారు, అనుకోరా మరి. బిల్లింగ్స్ బజారులో ఆర్డిస్ పెట్టుకున్న వేటగాళ్ళ నారింజ టోపీ చూసి ఒకావిడ, మీవాళ్ళంతా తలల కోసమే చంపుతారటగా అని ముఖాన్నే అడిగింది. ఆర్డిస్ టోపీ తీసి సంచిలో పెట్టుకుంది. ఊళ్ళో కొందరు ట్రేస్‌ను వదిలేసి ఆమెనే తిట్టారు, ఆమె నోరు మూసుకుని ఉంటే ఈ గేట్లన్నీ తెరిచే ఉండేవని. ఊరి మొదట్లో బ్యానరు మాత్రం ఎవరూ విప్పలేదు. గాలికి ఒక మూల ఊడి వేలాడుతూ ఉంది.

ఆగస్టులో ఫైర్ స్టేషన్ గదిలో బయటి ఊరినుంచి వచ్చిన ఎవరో పాఠం చెప్పారు. తలుపు కొట్టించే రోజు ఎత్తేశారని విన్నది ఆర్డిస్. ఆ పూట బడి వంటగదిలో గిన్నెలు ఎవరూ తోమమనకపోయినా మళ్ళీ తోమింది.

సెప్టెంబరులో ఓరిన్ కూడా గుంజలకు రంగు వేయడం మొదలుపెట్టాడు. ఆర్డిస్ దారిన పోతూ చూసి కారు ఆపింది. అతను తుంటి నొప్పితో వంగలేక అవస్థ పడుతున్నాడు. ఆమె కుంచె తీసుకుని వంగి, గేటుకు అటూ ఇటూ గుంజలకు కింది భాగమంతా తనే పూసింది. ముప్పై ఏళ్ళు ఎవరి కోసం ఆ గుంజలు రంగు లేకుండా ఉన్నాయో వాళ్ళ తరఫున ఆ పని తనకే దక్కిందనుకుంది. అయ్యాక ఓరిన్ కొత్త తాళం తీసి గొలుసుకు వేసి, ఒక తాళం చెవి జేబులో వేసుకుని, రెండోది ఆమె చేతిలో పెట్టాడు.

"నేను వేటాడకూడదు ఓరిన్," అంది ఆర్డిస్.

"తెలుసు. ఎవరు లోపలికి రావచ్చో, ఎవరు రాకూడదో నువ్వు చూడు. నాకు మనుషుల మీద నమ్మకం పోయింది. నీ మీద ఉంది."

అక్టోబరు నెలంతా ఆమె ఆ గేటు దగ్గరే ఉంది. బీదవాళ్ళుండే ట్రైలర్ ఇళ్ళనుంచి ఒక నర్సమ్మ, కొడుకులతో బతికే ఒక విధవ, గని మూతపడి పని పోయిన ఒకాయన వచ్చారు. ఒక్కొక్కరినీ ముందు ఓరిన్ తలుపు కొట్టి రమ్మని పంపింది. తర్వాతే తాళం తీసింది. వాళ్ళ వెనక తుపాకీ లేకుండా నడిచి, ఏదైనా పడితే పొట్ట కోసేటప్పుడు పక్కన నిలబడింది. కత్తి పట్టకుండా చేతులు వెనక కట్టుకోవడం ఎంత కష్టమైందో లైల్‌కు మాత్రమే చెప్పుకుంది.

ఆ నెలాఖరున ట్రేస్ వచ్చాడు. వెనక సీట్లో కెమెరా ఉంది, కొత్త కెమెరామన్ ఉన్నాడు. గేటు దగ్గర బండి దిగి, నవ్వు ముఖంతో రెండు చేతులూ చాచాడు. ఆమె చాచలేదు. అతను చెప్పవలసింది చెప్పాడు. వేట గురించి జనంలో ఉన్న చెడ్డ అభిప్రాయం మార్చాలట. దాని కోసం ఒక ప్రత్యేక కార్యక్రమం తీస్తున్నాడట. జరిగిన చోటే, ఆ నూర్పిడి మిషను పక్కనే నిలబడి తప్పు ఒప్పుకుంటాడట. పక్కన ఆమె కూడా ఉండాలట.

"మనిద్దరిదీ ఒకే తప్పు కదా మిసెస్ టి. ఇద్దరం కలిసి చెబితే జనం క్షమిస్తారు. మీ పాఠాలు మీకు తిరిగి ఇప్పించే ప్రయత్నం కూడా చేస్తాను."

కెమెరామన్ అప్పటికే భుజాన కెమెరా పెట్టుకున్నాడు. ఆర్డిస్ చేతిలో తాళం చెవి ఉంది. ఆమెకు ఆగస్టు గది గుర్తొచ్చింది, మడత కుర్చీలు గుర్తొచ్చాయి. ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, చెయ్యి తాళం మీదికి వెళ్ళింది.

"ఆ ఎల్క్ మాంసం ఎలా ఉంది ట్రేస్?" అని అడిగింది.

"ఏంటండీ?"

"విందన్నావుగా. రుచి ఎలా ఉందో చెప్పు. నేను తిన్నాను. నేను చెప్పగలను."

ట్రేస్ నవ్వు పోయింది. కెమెరా ఆపమని వెనక్కి చెయ్యి ఊపాడు. ఆర్డిస్ తాళం మీంచి చెయ్యి తీసేసి, కొండ పక్కనున్న తెల్ల ఇంటివైపు చూపించింది. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. వరండాలో ఓరిన్ చేతికర్ర గోడకు ఆనించి ఉంది. నాలుగడుగులు వేస్తే చేరే దూరం.

"గేటు నాది కాదు నాయనా. ఓరిన్ ఇంట్లోనే ఉన్నాడు. వెళ్ళి టోపీ తీసి తలుపు కొట్టు. మీ పొలంలోకి రావచ్చా అని అడుగు. రావచ్చంటే తాళం తీస్తాను."

ట్రేస్ ఆ ఇంటివైపు చూశాడు. టోపీ అంచు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఆ టోపీ మీద అతని బొమ్మే ఉంది. ఓరిన్ కిటికీ తెర పక్కకు జరిగింది. ఆ ముసలాయన చూస్తున్నాడని ముగ్గురికీ తెలిసింది.

అతను బండెక్కి తలుపు వేసుకున్నాడు. బండి వెనక్కి తిరిగి రోడ్డెక్కేదాకా ఆర్డిస్ అక్కడే నిలబడింది. టోపీ తీసి తలుపు కొట్టడం పన్నెండేళ్ళ పిల్లలు చేసే పని. ఆ ఇంటి తలుపు వాడు కొట్టలేకపోయాడు.